డబ్బా మీద రాసే మాట నిజమేనా?
చిన్న ఆరోగ్య వ్యాపారులు విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి పనిచేసే విధానం – ఒక పాఠం



మన ఊళ్లలో కొందరు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు తైద పిండి, రాగి మాల్ట్, మునగాకు పొడి, ఇంట్లో పట్టించిన పసుపు, నొప్పుల నూనె వంటివి తయారుచేసి అమ్ముకుంటున్నారు. ఇది మంచి పని. ఇంటికి నాలుగు రూపాయలు వస్తాయి, ఊరికి కల్తీ లేని సరుకు దొరుకుతుంది.

అయితే అంగడిలో కొనేవారు తప్పకుండా ఒక మాట అడుగుతారు: "అక్కా, ఇది షుగర్‌కు పనిచేస్తుందా?" ఆ ఒక్క ప్రశ్నకు మీరిచ్చే జవాబును బట్టి ఆ మనిషి రేపటి నుండి మాత్రలు వేసుకుంటాడో మానేస్తాడో తేలుతుంది. మాత్రలు మానేసి పొడి మీద ఆధారపడిన వారు కొన్ని నెలల తర్వాత కాలి పుండుతోనో, చూపు మందగించో ఆసుపత్రికి వస్తారు. కాబట్టి డబ్బా మీద రాసే మాట చిన్న విషయం కాదు.

ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి చిన్న వ్యాపారికి ఒక దారి ఉంది. అది దగ్గరలోని విశ్వవిద్యాలయం. పెద్దవంగర, తొర్రూరు ప్రాంతం వారికి వరంగల్‌లో 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. పరిశోధకుల దగ్గరకు ఎలా వెళ్లాలి, ఏమి అడగాలి, ఏమి అడగకూడదు అనేది ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. మనకు దగ్గరలోని ఒక ఉదాహరణ

2017లో తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ కలిసి 'గిరి పోషణ' అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. ఉట్నూరు, భద్రాచలం, మన పాత వరంగల్ జిల్లాలోని ఏటూరునాగారం – ఈ మూడు ఐటీడీఏల పరిధిలో అంగన్‌వాడీలకు వచ్చే గిరిజన తల్లులు, పిల్లల కోసం జొన్నలు, పప్పులు, వేరుశెనగ వంటి మనకు తెలిసిన పంటలతో ఆహార పదార్థాలను రూపొందించారు. గిరిజన మహిళలకు తయారీలో శిక్షణ ఇచ్చి యూనిట్లు పెట్టించారు.

ఇందులో ఎవరి పని వారు చేశారు. ఏ గింజ ఎంత పాళ్లలో కలిపితే ఎంత మాంసకృత్తులు, ఎంత ఇనుము వస్తాయో చూడడం శాస్త్రవేత్తల పని. శుభ్రంగా వేయించి, పట్టించి, ప్యాక్ చేయడం మహిళల పని. ఆ ఆహారం దేనికి అన్నది కూడా హద్దులోనే ఉంది. అది పోషణ కోసం. రోగం తగ్గిస్తామని చెప్పి అమ్మే మందు కాదు. చిన్న వ్యాపారి మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

2. మూడు ప్రశ్నలను విడదీయండి

పరిశోధకుని దగ్గరకు వెళ్లి "మా పొడి మంచిదని రాసివ్వండి" అని అడిగితే పని జరగదు. 'మంచిది' అనే ఒక్క మాటలో మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి.

మొదటి ప్రశ్న: ఇది మనం అనుకుంటున్న మొక్కేనా?
తిప్పతీగ సంగతి చూడండి. కరోనా కాలంలో చాలామంది దాని కషాయం తాగారు. 2021లో ముంబయి వైద్యులు అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్లు ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. రోగులు వాడినది అసలు తిప్పతీగో కాదో పరీక్షించలేదని, దానిని పోలిన వేరే జాతి తీగ కావచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ వాదన ఎలా ఉన్నా మనకు ఒక విషయం అర్థమవుతుంది. చూపుకు ఒకేలా కనిపించే తీగలు రెండు ఉన్నప్పుడు, తెంపి తెచ్చినవారి మాట ఒక్కటే చాలదు. ఆకు, కాండం, పువ్వు, కాయలతో కూడిన కొమ్మను వృక్షశాస్త్ర విభాగానికి తీసుకెళ్తే వారు జాతిని గుర్తిస్తారు. పొడి చేసిన తర్వాత తీసుకెళ్తే గుర్తించడం చాలా కష్టం.

రెండవ ప్రశ్న: ఇందులో ఉండకూడనిది ఏమైనా ఉందా?
బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండడానికి కారణం వెతుకుతూ వెళ్లిన పరిశోధకులు చివరకు పసుపు దగ్గర ఆగారు. కొమ్ములు పచ్చగా మెరవడానికి కొందరు లెడ్ క్రోమేట్ అనే రంగును పూసేవారు. 2019లో ఈ విషయం బయటపడిన తర్వాత ప్రభుత్వం, పరిశోధకులు కలిసి గట్టిగా పనిచేశారు. 2019లో మార్కెట్ నమూనాలలో 47 శాతంలో సీసం కనిపించగా, 2021 నాటికి అది సున్నాకు వచ్చింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రంగులోనూ రుచిలోనూ తేడా తెలియదు. దానిని పట్టుకునేది ప్రయోగశాల మాత్రమే. పసుపు పండే మన ప్రాంతంలో "మా పసుపులో సీసం లేదు" అని పరీక్షతో చెప్పగలిగిన సంఘానికి అంతకంటే మంచి ప్రచారం ఏముంటుంది?

అదేవిధంగా వేరుశెనగ, మిరప వంటి వాటికి తేమ తగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. పొడిలో తేమ ఎంత, వానకాలంలో డబ్బా ఎన్ని వారాలు నిలువ ఉంటుంది అన్నవి కూడా ఈ రెండవ ప్రశ్న కిందికే వస్తాయి.

మూడవ ప్రశ్న: మనం చెప్పే మేలు నిజంగా జరుగుతుందా?
ఇది అన్నిటికంటే కష్టమైనది, ఖర్చైనది, ఆలస్యమయ్యేది. మొదటి రెండు ప్రశ్నలకు వారాలలో, నెలలలో జవాబు దొరకవచ్చు. మూడవదానికి సంవత్సరాలు పడుతుంది. కాబట్టి మొదటి రెండింటితో ప్రారంభించండి. చాలా చిన్న వ్యాపారాలకు ఆ రెండే చాలు.

3. వరుస తప్పితే ఏమవుతుంది?

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం వేలమంది ఎగబడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జనం వచ్చిన తర్వాత పరిశోధకులు వచ్చారు. పంపిణీ ఆపి, ఆయుష్ అధికారులు, ఆయుర్వేద పరిశోధకులు పరిశీలించారు. మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్ని రకాలకు అనుమతి ఇచ్చింది గాని, కంటిలో వేసే చుక్కలకు ఆ రోజు అనుమతి ఇవ్వలేదు. ఆ మందు కరోనాను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని, డాక్టర్లు ఇచ్చిన మందులు మానకూడదని కూడా అధికారులు చెప్పారు.

ఇక్కడ ఎవరి ఉద్దేశాన్నీ మనం తప్పు పట్టడం లేదు. వరుసను మాత్రమే గమనించండి. కంటి చుక్కల మందులో సూక్ష్మక్రిములు లేవని ముందుగా తేలాలి, ఎందుకంటే కన్ను పోతే తిరిగి రాదు. జనం క్యూలో నిలబడిన తర్వాత పరీక్ష చేస్తే, పరిశోధకుల మీద ఒత్తిడి, ప్రజల మీద ప్రమాదం రెండూ పెరుగుతాయి. పరీక్ష ముందు, ప్రచారం తర్వాత.

4. ఎవరి దగ్గరకు వెళ్లాలి?

ప్రశ్నను బట్టి మనిషిని వెతకాలి.

• మొక్కను గుర్తించడానికి: కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం.
• మూలికలలోని రసాయనాలు, నూనెలు, లేపనాల తయారీ గురించి: అదే విశ్వవిద్యాలయంలోని ఫార్మసీ కళాశాల.
• పంట, కోత, ఎండబెట్టడం, నిలువ గురించి: వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, మహబూబాబాద్ జిల్లా మాల్యాలలోని కృషి విజ్ఞాన కేంద్రం.
• చిరుధాన్యాల ఆహారాల గురించి: హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధనా సంస్థ.
• పోషక విలువల గురించి: హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో పుట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది.

నేరుగా పెద్ద అధికారి దగ్గరకు వెళ్లనవసరం లేదు. ఎమ్మెస్సీ, ఎం.ఫార్మసీ చదివే విద్యార్థులు చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేయాలి. వారికి మంచి ప్రశ్న కావాలి, మీకు జవాబు కావాలి. వారి అధ్యాపకునితో మాట్లాడితే మీ ప్రశ్న ఒక విద్యార్థి ప్రాజెక్టు కావచ్చు. అయితే విశ్వవిద్యాలయానికి పరీక్షలు, సెలవులు ఉంటాయి. పండుగ అమ్మకాలకు రిపోర్టు కావాలని తొందరపెట్టకండి.

మరొక విషయం. విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టు మీకు జ్ఞానం ఇస్తుంది గాని, అధికారులకు చూపించవలసిన ధృవపత్రం కాదు. దానికి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఈ రెండింటినీ కలపకండి.

5. మొదటి ఉత్తరంలో ఏమి రాయాలి?

ఒక పేజీ చాలు. ఉదాహరణకు పెద్దవంగరలో నలుగురు మహిళలు మునగాకు పొడి చేస్తున్నారనుకుందాం. వారు ఇలా రాయవచ్చు:

• మేము ఎవరం, ఎప్పటి నుండి చేస్తున్నాము, నెలకు ఎన్ని కిలోలు.
• ఆకు ఎక్కడి నుండి తెస్తాము, నీడలో ఎన్ని రోజులు ఆరబెడతాము, ఏ గిర్నిలో పట్టిస్తాము.
• మా ప్రశ్న ఒక్కటే: ఎండలో ఆరబెట్టిన ఆకుకు, నీడలో ఆరబెట్టిన ఆకుకు పోషకాలలో ఎంత తేడా ఉంది?
• మేము ఏమి ఇవ్వగలము: నమూనాలు, మా లెక్కల పుస్తకం, మా సమయం.

ఇలాంటి చిన్న ప్రశ్నకు విద్యార్థి ఒక సంవత్సరంలో జవాబు తేగలడు. "మునగాకు మూడు వందల రోగాలను తగ్గిస్తుందా?" అని అడిగితే ఎవరూ జవాబు ఇవ్వలేరు.

నమూనా ఇచ్చేటప్పుడు నిజాయితీగా ఉండండి. పరీక్ష కోసం ప్రత్యేకంగా ఏరి, కడిగి చేసిన పొడి ఇవ్వవద్దు. రోజూ అమ్మే సంచిలోనిదే ఇవ్వండి. తయారుచేసిన తేదీ, ఆకు వచ్చిన ఊరు రాసి అంటించండి. వేర్వేరు రోజులలో చేసిన మూడు నాలుగు సంచుల నుండి ఇస్తే ఇంకా మంచిది. ప్రత్యేకమైన నమూనాకు వచ్చిన మంచి రిపోర్టు, కొన్నవారు తినే పొడి గురించి ఏమీ చెప్పదు.

6. కాగితం మీద ఒప్పందం

స్నేహంగా మొదలైన పని తగాదాతో ముగియకుండా ఉండాలంటే ఒప్పందం రాసుకోవాలి. దీనికి కేరళలోని కాణి గిరిజనుల అనుభవం మంచి పాఠం.

1987లో అగస్త్యమలై కొండలలో తిరుగుతున్న శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి యువకులు అలసట రాకుండా ఒక మొక్క కాయలు తింటూ ఉన్నారు. ఆ మొక్క పేరు ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం దగ్గరి పాలోడులోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధనా సంస్థ దానిని పరిశోధించి 'జీవని' అనే మందును తయారుచేసింది. కోయంబత్తూరుకు చెందిన ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయల రుసుముకు, అమ్మకాలలో 2 శాతం రాయల్టీకి తయారీ హక్కు ఇచ్చారు. వచ్చిన దానిలో సగం కాణి ప్రజలకు ఇవ్వాలని నిర్ణయించి, 1997లో వారికోసం ఒక ట్రస్టు ఏర్పాటు చేశారు. ప్రపంచమంతా దీనిని మెచ్చుకుంది.

కాని చిక్కులు కూడా వచ్చాయి. హక్కు ఇచ్చిన తర్వాతనే ట్రస్టు వచ్చింది. చాలామంది కాణి ప్రజలను ముందుగా అడగలేదనే విమర్శ వచ్చింది. అడవి నుండి ఆకు తేవడానికి అటవీ శాఖ అభ్యంతరం చెప్పడంతో ముడిసరుకుకు ఇబ్బంది కలిగింది. అంటే శాస్త్రం బాగానే ఉన్నా కాగితం ఆలస్యమైంది.

కాబట్టి పని మొదలయ్యేముందే ఈ విషయాలు రాసుకోండి:

• పరీక్ష ఖర్చు ఎవరిది?
• మీ తయారీ పాళ్లు బయటకు చెప్పకుండా ఉంచాలా? ఎంతకాలం?
• కొత్తగా ఏదైనా కనుగొంటే హక్కు ఎవరిది? తెలివి చెప్పిన పెద్దలకు భాగం ఎంత?
• ముడిసరుకు ఎక్కడి నుండి, ఎవరి అనుమతితో వస్తుంది?
• విశ్వవిద్యాలయం పేరును డబ్బా మీద వేయవచ్చా? రాతపూర్వకమైన అనుమతి లేకుండా వేయకూడదు.
• ఫలితం మీకు నచ్చకపోయినా పరిశోధకులు ప్రచురించవచ్చా? దీనికి 'అవును' అని రాయండి. నచ్చిన ఫలితాన్నే బయటపెట్టే ఒప్పందానికి విలువ లేదు.

7. మనుషుల మీద పరీక్ష – తొందర వద్దు

"పదిమందికి నెల రోజులు పొడి ఇచ్చాము, ఎనిమిది మందికి షుగర్ తగ్గింది" అని కొందరు చెబుతారు. అబద్ధం చెప్పడం లేదు. కాని ఆ తగ్గుదల పొడి వలననే అని ఎలా తెలుస్తుంది? షుగర్ బాగా పెరిగిన రోజున పరీక్ష చేయించుకున్నవారికి మళ్లీ చూస్తే కొంత తగ్గి ఉండడం మామూలే. పొడి మొదలుపెట్టినవారు తీపి కూడా తగ్గిస్తారు, నాలుగు అడుగులు నడుస్తారు. మాత్రలు కూడా క్రమంగా వేసుకుంటారు. అందుకే పరిశోధకులు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు పొడి, మరొక గుంపుకు అలాగే కనిపించే వేరే పొడి. మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షతో రెండు గుంపులను పోల్చి చూస్తారు.

ఇలాంటి పరీక్షకు వైద్య కళాశాలలోనో, పరిశోధనా సంస్థలోనో ఉండే నైతిక సమితి అనుమతి తప్పనిసరి. పాల్గొనేవారికి వారి భాషలో వివరించి సంతకం తీసుకోవాలి. ఎప్పుడైనా మానేసే స్వేచ్ఛ వారికి ఉండాలి. చికిత్స పరీక్షలను ముందుగానే జాతీయ రిజిస్టరులో నమోదు చేయాలనే నియమం 2009 నుండి ఉంది. వ్యాపారి తానే ఊరివారికి ఉచితంగా పంచి షుగర్ రాసుకోవడం పరిశోధన కాదు, ప్రమాదం. మాత్రలతో పాటు షుగర్ తగ్గించే మూలిక ఏదైనా తీసుకుంటే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు.

ఆహారం విషయంలో కూడా శాస్త్రవేత్తలు ఎంత జాగ్రత్తగా మాట్లాడతారో చూడండి. 2021లో ఇక్రిశాట్, జాతీయ పోషకాహార సంస్థ మొదలైన సంస్థల పరిశోధకులు చిరుధాన్యాల మీద జరిగిన 65 అధ్యయనాలను కలిపి చూశారు. రోజువారీ ఆహారంలో చిరుధాన్యాలు తిన్నవారిలో రక్తంలో షుగర్ 12 నుండి 15 శాతం తగ్గినట్లు కనిపించింది. అది మంచి వార్తే. కాని తైదలను మెత్తగా పట్టించి, బెల్లం వేసి కాచిన జావకూ అదే లెక్క వర్తిస్తుందని ఆ అధ్యయనం చెప్పదు. గింజను ఎంత మెత్తగా పట్టిస్తే అంత త్వరగా అరిగి షుగర్ అంత త్వరగా పెరుగుతుంది. మీ మాల్ట్ సంగతి మీ మాల్ట్‌ను పరీక్షిస్తేనే తెలుస్తుంది.

8. జవాబు 'కాదు' అని వస్తే?

నేల ఉసిరి మనకు తెలుసు. పచ్చకామెర్లకు పసరు మందుగా వాడతారు. 1988లో మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారికి నేల ఉసిరి ఇచ్చి చూశారు. 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు రక్తంలో కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రసిద్ధ లాన్సెట్ పత్రికలో అది ప్రచురితమైంది. ఎంతో ఆశ కలిగింది. కాని తర్వాత థాయ్‌లాండ్ మొదలైన చోట్ల మళ్లీ పరీక్షిస్తే ఆ ఫలితం రాలేదు. అందుకే నేడు హెపటైటిస్-బి కి వైద్యులు టీకాను, వైరస్‌ను అణచే మాత్రలను నమ్ముకుంటున్నారు.

మొదటి పరిశోధకులు మోసం చేయలేదు. ఒక్క అధ్యయనం సరిపోదు, అంతే. ప్రశ్న అడిగినప్పుడు 'కాదు' అనే జవాబు వినడానికి కూడా సిద్ధంగా ఉండాలి. అలా సిద్ధపడనివారు పరిశోధన కోరడం లేదు, ముద్ర కోరుతున్నారు.

'కాదు' అని వస్తే వ్యాపారం మూసుకోనవసరం లేదు. ఆ మాటను డబ్బా మీద నుండి తీసేయండి. "షుగర్ తగ్గిస్తుంది" అనే చోట "నీడలో ఆరబెట్టిన మునగాకు, సీసం పరీక్ష చేయబడినది" అని రాయండి. ఆ మాటను ఎవరూ కాదనలేరు.

9. చట్టం ఏమి చెబుతుంది?

• ఆహారంగా అమ్మితే 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ గాని లైసెన్సు గాని ఉండాలి.
• మందుగా తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి ఔషధ చట్టం ప్రకారం ఆయుర్వేద తయారీ లైసెన్సు కావాలి.
• షుగర్, క్యాన్సర్, పక్షవాతం, బీపీ వంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధిస్తుంది. కరపత్రం కూడా ప్రకటనే.

చర్చకు ప్రశ్నలు (సంఘం సమావేశంలో చదివి మాట్లాడుకోండి)

1. మన డబ్బా మీద ఉన్న మాటలలో పరీక్షతో రుజువైనవి ఏవి? విన్నవి ఏవి?
2. మన సరుకు గురించి ఒక సంవత్సరంలో జవాబు దొరకగల ఒక్క ప్రశ్న రాయండి.
3. జవాబు 'కాదు' అని వస్తే మనం ఏమి చేస్తాము? ఇప్పుడే నిర్ణయించుకోండి.
4. "ఇది షుగర్‌కు పనిచేస్తుందా?" అని అడిగినవారికి మనమందరం ఒకే జవాబు ఏమని చెప్పాలి?

నాలుగవ ప్రశ్నకు మా సలహా ఇది: "ఇది మంచి ఆహారం. మాత్రలు మాత్రం మానకండి. డాక్టరు గారికి చూపించి వాడండి." ఈ మాట చెప్పడానికి ఏ పరిశోధనా అవసరం లేదు. రేపటి అంగడి నుండే చెప్పవచ్చు.